త్రిబంధ సమ్మేళనముల పేర్లు: ఒక విమర్శ

తెలుగు గుణింతము నేర్చినవారికి కర్బన రసాయనశాస్త్రములోని ఒక ఏర్పాటు సులభముగా బోధపడును. ఈథేన్, ఈథీన్, ఈథైన్ అను మూడు పేర్లను చూడుడు. మూడింటిలోను కర్బన పరమాణువులు రెండే. థకారమునకు ఏత్వమున్నచో వాని నడుమ ఏకబంధము, గుడిదీర్ఘమున్నచో ద్విబంధము, ఐత్వమున్నచో త్రిబంధము. ఉదజని పరమాణువులు వరుసగా ఆరు, నాలుగు, రెండు. ఒక్క గుర్తు మారినచో రెండు పరమాణువులు తగ్గినవన్నమాట. పేరు వినినంతనే పదార్థనిర్మాణమును కాగితముపై గీయవచ్చును. మంచి శాస్త్రీయ నామమునకు ఇంతకంటె వేరు లక్షణము అక్కరలేదు.

అచ్చుల వరుసను బట్టి పేర్ల చివరలను మార్చవలెనని 1866లో సూచించినవాడు జర్మన్ రసాయనవేత్త హాఫ్‌మన్. 1892లో జినీవాలో కూడిన రసాయనవేత్తలు ఈ మార్గముననే క్రమబద్ధమైన నామకరణమునకు పునాది వేసిరి. త్రిబంధమునకు దగ్గరగా నున్న కొననుండి కర్బనములను లెక్కించి, బంధము మొదలగు చోటును అంకెతో తెలుపుదురు. నాలుగు కర్బనముల గొలుసులో అది మొదటి కర్బనముతో ఆరంభమైనచో బ్యూట్-1-ఐన్, రెండవదానితో ఆరంభమైనచో బ్యూట్-2-ఐన్. ద్విబంధ త్రిబంధములు రెండును ఉండి, ఎటునుండి లెక్కించినను అవే అంకెలు వచ్చినప్పుడు చిన్న అంకె ద్విబంధమునకు చెందును. కావుననే పెంట్-1-ఈన్-4-ఐన్ అనవలెను. ఇంతవరకు ఆక్షేపించుటకేమియు లేదు.

ఆక్షేపణ ఈ కుటుంబములో మొదటి పదార్థముతోనే ఆరంభమగును. 1836లో ఎడ్మండ్ డేవీ కనుగొనిన వాయువునకు 1860లో ఫ్రెంచి రసాయనవేత్త బెర్తలో ఎసిటిలీన్ అని పేరు పెట్టెను. ఇది హాఫ్‌మన్ సూచనకు ముందటి పేరు. దీని చివర ‘ఈన్’ ఉన్నది. లోపల ఉన్నది త్రిబంధము! కాల్షియం కార్బైడుపై నీరు పోసి ఈ వాయువును పుట్టించి, 3,000 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన జ్వాలతో ఇనుము నతుకు పనివాడు దానిని ఎసిటిలీన్ అనుటలో తప్పులేదు. కాని నియమములు చేయు అంతర్జాతీయ రసాయన సమాఖ్యయే తన 2013 సిఫారసులలో ఈథైన్ కంటె ఎసిటిలీనునే మేలెంచినది. వాడుకను గౌరవించుట మంచిదే. అయినను క్రొత్తగా నేర్చు విద్యార్థికి తొలి ఉదాహరణయే అపవాదమైనచో నియమముపై నమ్మకము ఎట్లు కుదురును?

రెండవ ఆక్షేపణ ఇంకను లోతైనది. పూర్వనియమము ప్రకారము బహుబంధములు గల గొలుసునే ప్రధానముగా గ్రహించెడివారు. 2013 సిఫారసులలో పొడవైన గొలుసునకు ప్రాధాన్యము వచ్చినది. ఒక కర్బనమునకు రెండువైపుల మూడేసి కర్బనముల శాఖలు, మూడవవైపు త్రిబంధము గల రెండు కర్బనముల శాఖ ఉన్నవనుకొనుడు. పూర్వము దీని పేరు 3-ప్రొపైల్‌హెక్స్-1-ఐన్. ఇప్పుడు 4-ఈథైనైల్‌హెప్టేన్. గొలుసును ఎన్నుకొనుట సులభమైనది, నిజమే. కాని పేరు చివర ఏకబంధములను తెలుపు ‘ఏన్’ నిలిచి, త్రిబంధము మధ్యలో దాగినది. వ్రాతలో ఒక్క ‘నై’ జారిపోయినచో 4-ఈథైల్‌హెప్టేన్ అగును. అది త్రిబంధమే లేని వేరొక పదార్థము. సౌలభ్యము కొరకు హాఫ్‌మన్ వరుసలోని స్పష్టతను కొంత వెచ్చించిరని చెప్పక తప్పదు.

మూడవది మన లిపికి సంబంధించినది. ఇంగ్లీషులో అమైన్ వంటి క్షారముల పేర్లతో కలసిపోకుండుటకై త్రిబంధపు ప్రత్యయమును ‘ఐ’ అక్షరముతోగాక ‘వై’ అక్షరముతో వ్రాయుదురు. తెలుగులో ఈ భేదము నిలువదు. ప్రొపైన్, అమైన్ రెండింటను ఐత్వమే వినబడును. కావున ఐత్వమున్న ప్రతిచోట త్రిబంధమున్నదని తెలుగు విద్యార్థి భ్రమపడరాదు. అంతకంటె ప్రమాదకరమైన చిక్కు మరొకటి కలదు. రెండు ద్విబంధములు గల బ్యూటాడైఈన్ కృత్రిమ రబ్బరునకు ముడిపదార్థము. రెండు త్రిబంధములు గల బ్యూటాడైఐన్ పేలుడు స్వభావము గల వాయువు. అజాగ్రత్తగా ‘బ్యూటాడయిన్’ అని వ్రాసినచో ఇది ఏది? పుస్తకములో ఇది అచ్చుతప్పు, ప్రయోగశాలలో ప్రాణాపాయము.

ఈ లోపములలో మొదటి రెండును అంతర్జాతీయ సమాఖ్య దిద్దవలసినవి. మూడవది మన చేతిలోనే ఉన్నది. తెలుగు పుస్తకములలో ఏన్, ఈన్, ఐన్ అను ప్రత్యయములను ఎన్నడును కుదించి వ్రాయరాదు. రెండు బంధములున్నచోట డై-ఈన్, డై-ఐన్ అని విడదీసి అచ్చువేయవలెను. ఎసిటిలీన్ పేరు వచ్చిన తొలిచోట ఈథైన్ అని కూడ చెప్పవలెను. క్రొత్త పేరు వచ్చినప్పుడెల్ల దాని నిర్మాణచిత్రమును ప్రక్కన చూపవలెను. గుణింతము మనకు చిన్ననాటి విద్య. రసాయనశాస్త్రములో అదే గుణింతము పరమాణువులను లెక్కించుచున్నప్పుడు దానిని తప్పక వ్రాయుట శాస్త్రధర్మము కూడ.