పల్లె కట్టుకొన్న సంఘం: ‘అంటరాని వసంతం’పై ఒక పరిశీలన

కోస్తా జిల్లాల్లో చాలా వూళ్ల మాల, మాదిగ పల్లెల్లో ఒక చిన్న ప్రార్థనా మందిరం, దాని ముందు ఒక గంట, ఆదివారం ఉదయాన తెల్లచీర కట్టి బైబిలు చేతబట్టి నడిచే స్త్రీలు కనిపిస్తారు. నూరేళ్లకు పైబడిన ఈ జీవితానికి మన నవలల్లో దక్కిన చోటు అత్యల్పం. 1922లో ‘మాలపల్లి’ని వెలువరించి ఉన్నవ లక్ష్మీనారాయణగారు పల్లెను నవలకు కేంద్రం చేశారు. అది సామాన్యమైన పని కాదు. కాని ఆయన రామదాసు వేదాంతి, భక్తుడు. పల్లెలోని క్రైస్తవుడు ఆ మహానవల అంచునే నిలబడిపోయాడు. తరువాతి రచయితల్లో చాలామందికి క్రైస్తవమంటే ఒక పాదిరీ, ఒక ఆసుపత్రి, కాకపోతే మతమార్పిడిని గూర్చిన ఒక వాగ్వాదం.

2000 సంవత్సరంలో వచ్చిన జి. కల్యాణరావుగారి ‘అంటరాని వసంతం’ ఈ లోటును పెద్ద యెత్తున తీర్చిన నవల. రూతు అనే వృద్ధురాలి జ్ఞాపకాల ద్వారా, ఆమె భర్త రూబేను చెప్పిన మాటల ద్వారా తరాల కథ సాగుతుంది. ఎన్నెలదిన్నెలో పాట కట్టి ఆడిన ఎల్లన్న, అతని భార్య సుభద్ర; వారి కొడుకు శివయ్య, కోడలు శశిరేఖ. కరువు వచ్చి వూరు విడిచిన శివయ్య క్రైస్తవుడై సీమోను అవుతాడు. సీమోను కొడుకు రూబేను మిషను నీడలో పెరుగుతాడు. తరువాతి తరాలు విప్లవోద్యమంలోకి నడుస్తాయి. ఈ నవలను దళిత చరిత్రగా చదివినవారు ఎందరో వున్నారు. క్రైస్తవ సంఘం పుట్టుకను గూర్చిన నవలగా దీనిని చదవవలసిన అవసరం కూడా వున్నదని నా అభిప్రాయం.

ఆ పుట్టుకను గూర్చి రెండు కథలు మనలో చెలామణిలో వున్నాయి. ఒకటి మిషను నివేదికల కథ. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. సంఖ్యలు పెద్దవి, మనుషులు కనబడరు. రెండవది దీనికి ఎదురు కథ: అదంతా గంజి కోసం పుచ్చుకొన్న మతమని. 1876–78 నాటి మహాక్షామం వెనువెంటనే ఆ బాప్తిస్మాలు జరిగిన మాట నిజమే. కాని క్షామం నడిచినంత కాలం, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని వేలమందికి పని చూపిన ఆ రోజుల్లోనే, క్లౌ బాప్తిస్మాలు నిలిపివేశాడు. తిండి కోసం వచ్చారన్న అపవాదు రాకూడదని ఆయన జాగ్రత్త. పని అయిపోయి, కూలి ఆగిపోయిన తరువాత కూడా జనం వచ్చారు. గంజి వాదం ఇక్కడ చతికిలబడుతుంది.

మరి ఎందుకు వచ్చారు? ఈ ప్రశ్నకు కల్యాణరావుగారు చర్చ ద్వారా కాక ఘట్టం ద్వారా సమాధానం చెప్పారు. ఆకలితో కాలువ పనికి చేరిన శివయ్య దంపతులను అక్కడి సవర్ణ కూలీలు తరిమికొడతారు. ఆకలి అందరిదీ ఒకటే. అయినా పార పట్టుకోవడానికి కూడా కులం అడ్డం వచ్చింది. కరువు మనుషుల్ని సమానం చేస్తుందన్న భ్రమను ఈ ఒక్క ఘట్టం చెరిపివేస్తుంది. అప్పుడు వారిని చేరదీసినవాడు తెల్లదొర కాదు, మార్టిను. అతనూ పల్లెలో పుట్టినవాడే. ఈ ఎంపికలో రచయిత చారిత్రక దృష్టి కనిపిస్తుంది. ఒంగోలు ప్రాంతంలో సంఘాన్ని వ్యాపింపజేసినవారు ప్రధానంగా దేశీయ బోధకులు. వారిలో మొదటివాడైన ఎర్రగుంట్ల పేరయ్య తోలు పని చేసిన మాదిగ; క్లౌ రాకముందే ఒక యోగి వద్ద ఉపదేశం పొంది సత్యాన్వేషణలో వున్నవాడు. చుట్టరికాల వెంట, తోలు బేరాల దారుల వెంట అతని మాట వూరూరా పాకింది. దొర వచ్చి మార్చాడు, పల్లె మారింది అని మనం అలవాటుగా అంటూ వుంటాం. వాక్యంలో కర్తను తలకిందులు చేసిన పొరపాటిది. పల్లె తనకొక సంఘాన్ని కట్టుకొన్నది. దొర దగ్గర బడి వుంది, మందు వుంది, కలెక్టరుకు అర్జీ వ్రాయగల చేయి వుంది.

ఇంతవరకు నవల బలం నిర్వివాదం. క్రైస్తవంలోకి కులం వెంట నడిచి వచ్చిందన్న సంగతిని కూడా రచయిత దాచలేదు. పేచీ ఎక్కడంటే తరువాతి భాగంలో. రూబేను తరం దాటేసరికి సంఘం కథలో పలచబడిపోతుంది. ఉద్యమం వైపు సాగే ప్రయాణంలో మందిరం ఒక మజిలీ అవుతుంది. మజిలీ దాటాక వెనుదిరిగి చూడవలసిన పని ప్రయాణికుడికి లేదు. మన అభ్యుదయ విమర్శకులకు ఈ గమనం సహజంగానే రుచించింది. నాకు మాత్రం ఇక్కడ జీవితాన్ని సిద్ధాంతం తొందరపెట్టినట్టు తోస్తుంది. పల్లెలో అడవికి వెళ్లినవారు కొందరు. ఆదివారం గంట విని మందిరానికి వెళ్లినవారు వేలాదిమంది. వారు చరిత్ర మరచిపోయినవారా? అక్కడ ఇప్పటికీ వారికేదో దొరుకుతూ వుండాలి. అదేమిటో నవల ఆగి అడగలేదు. మాలలకొక మందిరం, మాదిగలకొక మందిరం కావడం, దొరలు విడిచిపోయిన ఆస్తుల కోసం సంఘ పెద్దలు కోర్టులకెక్కడం, అదే సమయంలో ఏ తగాదాతోనూ సంబంధం లేని ఒక ముసలమ్మ తన కూలిడబ్బులో నుంచి కానుక తీసి వేయడం, ఇవన్నీ నవలా వస్తువులే.

పాట విషయంలోనూ ఇంకొంత దూరం పోవలసింది. ఎల్లన్న పాటను కల్యాణరావుగారు ఎంత ప్రేమతో వ్రాశారో చెప్పనలవి కాదు. ఆ మనుమడు చేరిన సంఘంలో పాడినవి వేరే పాటలు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిచి చూడండి, కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చువేసి వుంటాయి. వాటిలో ఎన్నో పురుషోత్తమ చౌదరి (1803–1890) రచనలు. ఆయన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. సంస్కృత సమాసాలు నిండిన ఆ కీర్తనలను అక్షరం రాని పల్లె స్త్రీలు కంఠస్థం చేసి తమవి చేసుకొన్నారు. అందులో పల్లె గెలుచుకొన్నదెంత, ఎల్లన్న వీధిభాగోతంతో పాటు పోగొట్టుకొన్నదెంత? సాహిత్య చరిత్రకారులు ‘మతప్రచారం’ అని ఒక్క మాటతో పక్కకు నెట్టిన ఈ వాఙ్మయాన్ని తిరిగి పరిశీలించక తప్పదు.

సంఘం కూడా తన కవిని సరిగా గుర్తించలేదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా హిందూ పురాణ వస్తువులతో కావ్యాలు వ్రాసినందుకు సంఘ పెద్దలు వెలివేశారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. ఆయన ‘గబ్బిలం’ (1941) నాయకుడు తన మొరను కాశీ విశ్వనాథునికి పంపుతాడు. అన్యాయం చేసినవాడి ఇంటికే గదా అర్జీ పోవలసింది! ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చాక ఆయనను అందరూ తమవాడన్నారు.

ఇక పేర్ల సంగతి. శివయ్య సీమోను కావడం నవలలో ఒక మహత్తర క్షణం. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో క్రైస్తవుడైన దళితుడు బి.సి. ‘సి’ వర్గంలో ఒక్క శాతానికి నిలబడాలి. అందువల్ల సీమోను సంతతిలో ఎందరో మళ్లీ కాగితం మీద శివయ్యలయ్యారు. కాలేజీ హాజరుపట్టీలో ఒక పేరు, బాప్తిస్మపు రిజిస్టరులో మరొక పేరు గల విద్యార్థులు మా తరగతుల్లో ప్రతి ఏడూ వుంటారు. పిలిస్తే రెండింటికీ పలుకుతారు. రూబేను తన మూలం వెతుక్కుంటూ ఎన్నెలదిన్నెకు నడిచిన అధ్యాయాన్ని వాళ్ల చేత చదివిస్తే, తరగతిలో అడగవలసిన ప్రశ్న వాళ్లే అడుగుతారు: అతనికి సర్టిఫికెట్టులో ఏమని వ్రాశారు, సార్?