ఒక్కడు, గిల్లి: మారినవి, మారనిది

2003 జనవరిలో గుణశేఖర్ దర్శకత్వంలో ‘ఒక్కడు’ వచ్చింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో అదే కథను ధరణి తమిళంలో ‘గిల్లి’గా తీశారు. రెండూ నేను పుట్టకముందువే. అయినా 2024లో ‘గిల్లి’ని మళ్ళీ థియేటర్లలో వేస్తే జనం కొత్త సినిమాకు వచ్చినట్టే వచ్చారు. మా ఇంట్లో టీవీలో ఏది వచ్చినా చూస్తాం, రెండు భాషలూ మనవే కదా.

రీమేక్ అంటే కాపీ అని మా క్లాసులో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర మొదలైన గొడవ తమిళంలో మన మదురైకి వచ్చింది. తిరుమంగళంలో బస్సెక్కితే దిగే ఊరు అది. అందుకే ఆ వీధులు తెరమీద కనిపిస్తే మనకు ఎక్కువ భయం వేస్తుంది. తెలుగులో మహేశ్‌బాబు హీరోయిన్‌ను చార్మినార్ మీద దాస్తాడు (అది పెద్ద సెట్టు). తమిళంలో విజయ్ లైట్‌హౌస్‌లో దాస్తాడు. చార్మినార్ చుట్టూ జనం, ఎవరు చూస్తారో అని గుండె కొట్టుకుంటుంది. లైట్‌హౌస్ దగ్గర సముద్రం, గాలి. అక్కడ వాళ్ళిద్దరి స్నేహమే ముందు కనిపిస్తుంది. కథ అదే, చోటు వేరయ్యేసరికి సీను వేరయింది.

అన్నిటికంటే వింత ప్రకాశ్‌రాజ్. ఓబుల్‌రెడ్డీ ఆయనే, ముత్తుపాండీ ఆయనే. వేసిన వేషమే మళ్ళీ వేయమంటే ఎవరికైనా విసుగు రాదా? ఓబుల్‌రెడ్డిని చూస్తే ఒట్టి భయం. ముత్తుపాండి ‘చెల్లం’ అని పిలిస్తే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఇంకా ఎక్కువ భయమేస్తుంది. ఆ ఒక్క పిలుపుతో మనిషే మారిపోయాడు. మా అవ్వ తెలుగు కూడా ఇట్లాంటిదే అనిపిస్తుంది. నాయకరాజుల కాలంలో ఇటు వచ్చినవాళ్ళ మాట. ఇన్ని తరాలుగా ఇంట్లో చెప్పిందే చెబుతూ వచ్చారు, మధ్యలో తమిళం కలిసింది. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు “ఇదేం తెలుగమ్మా” అని నవ్వుతారు. నవ్వనీ.

ఇన్ని మార్చినవాళ్ళు ఒకటి మాత్రం ముట్టుకోలేదు. స్వప్న, ధనలక్ష్మి, ఇద్దరూ విలన్ నుంచి తప్పించుకుని అమెరికా వెళ్ళాలి. హీరో అంత కష్టపడేది అందుకే. తీరా ఎయిర్‌పోర్టు దాకా పోయాక ఇద్దరూ వెనక్కి తిరిగి వచ్చేస్తారు. కొత్త బతుకు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది, అదీ రెండుసార్లు! హీరోకి ప్రేమ దొరుకుతుంది, కబడ్డీ కూడా మిగులుతుంది. ఆ అమ్మాయి తర్వాత ఏం చేసిందో రెండు సినిమాల్లోనూ ఎవరూ అడగరు. ఊరు మార్చారు, బురుజు మార్చారు, విలన్ మాట కూడా మార్చారు. దీన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు. నాకు ‘గిల్లి’ అంటే ఎంత ఇష్టమైనా ఇక్కడ మాత్రం మార్కులు తగ్గిస్తాను.

“ప్రేమించింది కదా, రాకపోతే సినిమా ఎట్లా అయిపోతుంది?” అంటాడు మా అన్న. ఆమె పోయి చదువుకుని రావచ్చు, అతను కాచుకోవచ్చు. రెండున్నర గంటల సినిమాలో ఇంకో రెండు నిమిషాలు పట్టేది, అంతే.

మా అక్క ఆ సీను రాగానే లేచి లోపలికి పోతుంది. దానికి కోయంబత్తూరులో నర్సింగ్ సీటు వచ్చింది. పంపాలా వద్దా అని ఇంట్లో ఇంకా తేలలేదు.