మాట దొరికేదాకా

స్వరకర్త జార్జ్ బెంజమిన్ 1960లో లండన్‌లో పుట్టారు. పదహారో ఏట పారిస్ వెళ్లి ఒలివియే మెసియాన్ దగ్గర శిష్యరికం చేశారు. (మన శార్ఙ్గదేవుడి 'సంగీత రత్నాకరం'లోని దేశీ తాళాలను తన సంగీతంలోకి తెచ్చుకున్న మెసియానే ఈయన. అది మరోసారి చెప్పుకోవాల్సిన కథ.) శిష్యుడికి ఇరవై ఏళ్లు నిండిన 1980లోనే, 'రింగ్‌డ్ బై ద ఫ్లాట్ హొరైజన్' అనే ఆయన ఆర్కెస్ట్రా రచనను ప్రామ్స్ ఉత్సవంలో వాయించారు.

అంత పేరొచ్చాక ఇంకెవరైనా ఏడాదికొకటి రాసి పడేసేవారు. ఈయన అలా చేయలేదు. పావుగంట నిడివి ఉన్న 'సడన్ టైమ్' 1989లో మొదలైతే 1993కి గానీ తెమల్లేదు. వారం తిరిగేసరికి కాలమ్ అప్పజెప్పాల్సిన నాలాంటివాడికి అసూయ పుట్టించే నిదానం ఇది. అలాగని ఆలస్యానికి దండాలు పెట్టే రకాన్ని కాను. నెమ్మదిగా రాసిన చెత్త కూడా చాలానే ఉంది.

బెంజమిన్‌కు ఒపెరా రాయాలని ఎప్పటినుంచో కోరిక. స్వరం కట్టడానికి ఆయన ఉన్నారు, మాట రాసిచ్చే మనిషే లేడు. నలభై దాటాక నాటక రచయిత మార్టిన్ క్రింప్ పరిచయమయ్యారు. 2006లో 'ఇంటు ద లిటిల్ హిల్' వచ్చింది. అందులో అన్ని పాత్రలూ ఇద్దరు గాయనులే పాడతారు. 2012లో ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో 'రిటెన్ ఆన్ స్కిన్' ప్రదర్శించారు.

కథ భయంకరం. ఒక భూస్వామి తన వైభవాన్ని బొమ్మల పుస్తకంగా గీయించుకోవాలని ఓ కుర్ర చిత్రకారుణ్ని ఇంటికి తెచ్చుకుంటాడు. భార్య ఆన్యెస్ అతనికి మనసిస్తుంది. భర్త అతన్ని చంపి, గుండె వండించి ఆమెకే వడ్డిస్తాడు. ఇంత ఘోరంలోనూ పాత్రలు పాడుతూ పాడుతూ 'అంది ఆమె' అన్నట్టు తమ గురించి తామే చెప్పుకుంటాయి. హరిదాసు పాత్రలోకి దూరి, మరుక్షణం కథకుడై బయటికొచ్చినట్టే. ఆ కాస్త ఎడం వల్లే సంగీతం గుండెలు బాదుకోకుండా కథ చెప్పగలిగిందని నాకనిపిస్తుంది.

దీని వెనక పనితనం చూడండి. స్వరం కట్టకముందే బెంజమిన్ గాయకులను పిలిపించుకుని పాడించారు. ఏ స్థాయిలో ఎవరి గొంతు మెరుస్తుందో, ఎక్కడ పలచబడుతుందో రాసుకున్నారు. అంటే ఆన్యెస్ పాత్ర గాయని బార్బరా హానిగన్ గొంతు కొలతకు కుట్టిందే. ఆర్కెస్ట్రా పెద్దదే అయినా మాటను మింగేయదు. తడి వేళ్లతో గాజును రుద్ది పలికించే గ్లాస్ హార్మోనికా కూడా అందులో ఉంది.

తర్వాత 2018లో ఒక ఒపెరా, 2023లో మరొకటి వచ్చాయి. మాటలు రెండింటికీ క్రింప్‌వే. 2023 నాటి 'పిక్చర్ ఎ డే లైక్ దిస్'లో బిడ్డను పోగొట్టుకున్న తల్లి, నిజంగా సుఖంగా ఉన్న మనిషి చొక్కా గుండీ ఒక్కటి తెస్తే బిడ్డ బతుకుతాడని విని వెతుకుతూ బయల్దేరుతుంది. బౌద్ధంలోని కిసాగోతమి ఆవగింజల కథ తెలిసినవాళ్లకు ఇది పరాయిదనిపించదు. బెంజమిన్‌ను కొత్తగా వినేవాళ్లు 'రిటెన్ ఆన్ స్కిన్' పక్కనపెట్టి ముందు దీన్ని వినడమే మంచిది.