తెర వెనక తాడు పట్టిన కుటుంబం

అభిమన్యుడు ఈ పక్క, ఘటోత్కచుడు ఆ పక్క. ఇద్దరూ విల్లు ఎక్కుపెడతారు. అప్పటిదాకా మోగుతున్న హార్మోనియం జోరు పెంచుతుంది. రెండు వైపుల నుంచీ రెండు బాణాలు బయల్దేరి, రంగస్థలం నడిమధ్యన గాలిలో ఢీకొంటాయి. నిప్పురవ్వలు రాలిపడతాయి. నేల మీద కూర్చున్న పిల్లలు కేక పెడతారు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన నాయనమ్మలు, తాతయ్యలు కూడా పిల్లలతో సమంగా నోళ్లు తెరుస్తారు. సురభి నాటక సమాజం వారి ‘మాయాబజార్’ చూసినవాళ్లలో మిగతా కథ మరిచిపోయినవాళ్లు ఉంటారేమో గానీ, ఈ ఘట్టాన్ని మరిచిపోయినవాళ్లు ఉండరు.

ఆ బాణం ఎగరలేదు. కంటికి ఆనని సన్నని తీగ మీద జారింది. తీగ ఒక కొస కుడి వింగులో, మరో కొస ఎడమ వింగులో. రెండు కొసల దగ్గరా మనుషులు ఉంటారు. విల్లు విడిచే నటుడి మోచేయి వెనక్కి వెళ్లడం, ఊపిరి బిగబట్టడం, వేలు వదలడం, ఇవన్నీ వాళ్లు చీకట్లోనే పసిగట్టాలి. వాళ్ల చేయి రెప్పపాటు ముందు కదిలినా, వెనక కదిలినా యుద్ధం నవ్వులాటై కూర్చుంటుంది. ఏ చీటీ రాసుకోకుండా, ఏ సైగా లేకుండా అది రోజూ సరిగ్గా ఎలా జరుగుతుంది? తాడు పట్టినవాడు ఆ నటుడికి తమ్ముడో, బావమరిదో, మేనల్లుడో కాబట్టి. వాళ్లు ఒకే పొయ్యి మీద వండింది తిని పెరిగినవాళ్లు. అన్న గొంతు సవరించుకుంటే తర్వాత ఏం చేస్తాడో తమ్ముడికి తెలుసు. తెలుగువాళ్లు సురభిని కుటుంబ నాటకం అంటారు. ఆ మాటను బంధుత్వం వరకే అర్థం చేసుకుంటే సగమే తెలిసినట్టు. సురభి రంగతంత్రంలో తీగ, గిలక, తెర ఎంత ముఖ్యమైన పనిముట్లో, కుటుంబం కూడా అంత ముఖ్యమైన పనిముట్టు.

ఈ కుటుంబాలు మొదట నాటకాలాడినవి కావు. వనారస, రేకందార్, సింధే, ఆవేటి అన్న ఇంటిపేర్లను బట్టే వీళ్ల పూర్వీకులు మరాఠీ నేల నుంచి వచ్చారని తెలుస్తుంది. తెలుగు నేల మీదికి వచ్చి తోలుబొమ్మలాట వృత్తిగా బతికారు. 1885లో కడప జిల్లా సురభి రెడ్డివారిపల్లెలో, వనారస గోవిందరావు పూనికతో, బొమ్మల బదులు మనుషులే వేషాలు కట్టి ‘కీచక వధ’ ఆడారు. ఆ ఊరి పేరే సమాజానికి పేరైంది. తర్వాత అది ఆ సమాజంలో పుట్టిన ప్రతి మనిషికీ ఇంటిపేరు కన్నా ముందు పలికే పేరైంది.

బొమ్మలాట నుంచి వీళ్లు తెచ్చుకున్నది ఏమిటో గమనిస్తే సురభి చాలావరకు అర్థమవుతుంది. బొమ్మలాటలో ఇంటిల్లిపాదీ తెర వెనక ఉంటారు. మగవాడు భీముడి బొమ్మ ఆడిస్తుంటే, భార్య ద్రౌపది గొంతు పలుకుతుంది. కొడుకు తాళం వేస్తాడు. చంటిబిడ్డ పక్కనే నిద్రపోతూ ఉంటుంది. ఒకే మనిషి అయిదారు గొంతులు మార్చాలి. పాడాలి, ఆడించాలి, దీపం ఆరకుండా చూసుకోవాలి. తెర మీద కనిపించే వింత వేరు, తెర వెనక చెమటోడ్చే చేయి వేరు అన్న ఎరుక ఈ ఇళ్లలో పుట్టుకతో వచ్చింది. బొమ్మ స్థానంలో మనిషి నిలబడ్డాడు గానీ, వెనక తాడు లాగే చేయి అలాగే ఉండిపోయింది.

ఇంకో సంగతి కూడా ఇక్కడి నుంచే వచ్చింది. ఆ రోజుల్లో తెలుగు నాటకంలో ఆడవేషం మగవాళ్లదే. స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా వేసిన వేషాలను ఆ తరం వాళ్లు తలచుకు తలచుకు చెప్పుకున్నారు. అది గొప్ప కళే, అందులో సందేహం లేదు. అయితే సురభిలో మాత్రం ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. బొమ్మల తెర వెనక ద్రౌపది గొంతైన ఇల్లాలు తెర ముందుకు వచ్చి ద్రౌపదిగా నిలబడటం ఆ ఇళ్లలో వింతగా తోచలేదు. పక్కన నటించేది భర్తో, అన్నో, మామో కాబట్టి నలుగురి నోళ్లకూ వెరవాల్సిన అవసరం అంతగా లేకపోయింది. స్త్రీ రంగస్థలం ఎక్కడమే తప్పనుకున్న కాలంలో, ఏ ఉద్యమమూ ఏ ఉపన్యాసమూ లేకుండా, ఒక సంచార వృత్తి కుటుంబం ఆ పని చేసి చూపింది. తెలుగు నాటక చరిత్రలో దీనికి దక్కాల్సినంత చోటు ఇప్పటికీ దక్కలేదు.

అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డే సురభి కమలాబాయి. తల్లి దమయంతి వేషంలో ఉండగా రంగస్థలం మీదే నొప్పులు వచ్చి ఆమెను కన్నదని సురభి ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటారు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషం ఆమెదే. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. మాట నేర్చిన తెలుగు సినిమాకు పలుకు, పాట కావలసివచ్చినప్పుడు, ఆ రెండూ అప్పటికే సాధనలో ఉన్న సురభి నటులు అక్కరకొచ్చారు.

ఇక తంత్రం సంగతి. సురభి నాటకం చూస్తున్నప్పుడు ముందుగా ఆశ్చర్యం కలిగించేది వేగం. దర్బారు ముగుస్తుంది, మరుక్షణం వీధి. వీధి ముగుస్తుంది, మరుక్షణం అడవి. నడుమ దీపాలార్పి ప్రేక్షకుణ్ణి చీకట్లో కూర్చోబెట్టడం ఉండదు. దీని కిటుకు చిత్రించిన తెరల్లో ఉంది. ఒకదాని వెనక ఒకటిగా తెరలు చుట్టలు చుట్టి పైన వేలాడుతుంటాయి. ముందు తెర దిగితే రంగస్థలం ఇరుకవుతుంది. ఆ ఇరుకులో ఇద్దరు ముగ్గురు నిలబడి మాట్లాడుకునే చిన్న సీను నడుస్తుంది. ఎక్కువగా హాస్యమో, దూత తెచ్చిన కబురో. ఆ కాసేపట్లో తెర వెనక సింహాసనం చేరుతుంది, వింగులు మారతాయి, మెట్లు అమరుతాయి. ముందున్నవాళ్లు చివరి మాట అనగానే తెర చుట్టుకుని పైకి పోతుంది. లోపల మయసభ! చిన్న సీను, పెద్ద సీను, మళ్లీ చిన్న సీను. కథ రాసుకోవడమే ఈ కొలతకు సరిపడేలా రాసుకుంటారు. వెనక పని ఆలస్యమైతే ముందున్న హాస్యగాడు ఇంకో రెండు మాటలు అల్లుతాడు. ఆలస్యమైందని ప్రేక్షకుడికి తెలియనే తెలియదు.

తెర మీద బొమ్మ గీయడంలోనూ ఒక లెక్క ఉంది. స్తంభాల వరసలు దూరం పోయేకొద్దీ చిన్నవవుతూ వెళ్తాయి. నాలుగు బారల లోతు లేని వేదిక నాలుగు మండువాల కోటలా కనిపిస్తుంది. పక్కన నిలబెట్టిన వింగులు కూడా అదే కోటలో భాగాలై తెరతో కలిసిపోతాయి. కంపెనీ నాటకాలన్నీ వాడిన పద్ధతే ఇది. మిగతావాళ్లు వదిలేశారు, సురభి వదల్లేదు.

మాయలకు మూడే మూడు వస్తువులు ఆధారం: తాడు, గిలక, చీకటి. నారదుడు మబ్బుల మీద నుంచి దిగివస్తాడు. మబ్బు ముందుకు వేలాడదీసిన బొమ్మ, వెనక గిలకల మీద దిగే పీట. ఘటోత్కచుడు పెళ్లివిందు ముందు కూర్చుని నోరు తెరిస్తే లడ్లు వాటంతటవే లేచి నోట్లోకి పోతాయి. నల్లదారం ముదురు రంగు తెర ముందు కలిసిపోతుంది. ప్రహ్లాదుణ్ణి తొక్కించడానికి ఏనుగు వస్తుంది. స్తంభం పగిలి నరసింహుడు ఉరుముతూ దూకుతాడు. ‘లవకుశ’లో భూమి చీలి సీతను తనలోకి తీసుకుంటుంది. చిన్ని కృష్ణుడు కాళీయుడి పడగల మీద చిందులు వేస్తాడు.

దారం కనబడకపోవడానికి నలుపు రంగు ఒక్కటే చాలదు. చూసేవాడి కన్ను ఎక్కడుండాలో నటుడే నిర్ణయించాలి. ఘటోత్కచుడు లడ్డు వైపు చూడడు. కనుగుడ్లు తిప్పుతూ జనం వైపు చూస్తాడు, పెద్దగా నవ్వుతాడు. జనం కళ్లన్నీ ఆ మొహం మీదే ఉంటాయి. లడ్డు కదిలిన సంగతి తెలిసేసరికి అది నోట్లో ఉంటుంది. నటన బలంగా లేకపోతే ఈ తంత్రాలన్నీ దారాలూ గిలకలూగానే మిగిలిపోతాయి. సురభిని గారడీగా కొట్టిపారేసే విమర్శకులు సరిగ్గా ఇక్కడే పొరబడ్డారు.

పద్యం సంగతి వేరే చెప్పాలి. వేదిక దగ్గరే హార్మోనియం, తబలా. నటుడు తన పద్యం తానే పాడుకోవాలి. రాగం తీసి నిలబెడితే జనం ‘వన్స్ మోర్’ అంటారు, అతను మళ్లీ పాడతాడు. యుద్ధం మధ్యలో ఉన్నా సరే. తీగ పట్టుకున్నవాడు ఆ కాసేపూ బిగబట్టుకుని ఉండాల్సిందే.

సురభిలో ఎవరి పనీ ఒక్కటి కాదు. మొదటి అంకంలో బలరాముడైన మనిషి రెండో అంకంలో తెర చుట్టుతాడు. సత్యభామ కిరీటం తీసి పక్కన పెట్టి, కూతురికి మొహాన రంగు వేస్తుంది. పిల్లలు నడక రాగానే వేదిక ఎక్కుతారు. బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు, లవుడు, కుశుడు, ఆ తర్వాత అభిమన్యుడు. వయసు పెరిగేకొద్దీ వేషాలూ పెరుగుతాయి. పాఠం పుస్తకంలో చదివి రాదు. రోజూ రాత్రి వింగు పక్కన నిలబడి వింటూ ఉంటే అందరి పాఠాలూ నోటికొస్తాయి. ఎవరికైనా జ్వరం వస్తే ఆ వేషానికి ఇంకొకరు అప్పటికప్పుడు దొరికేది అందుకే.

వింగు పక్కన సాగిన ఆ బడి నడిచినంత కాలం సురభి వారు ఊరూరా క్యాంపులు వేశారు. ఊరి చివర ఖాళీ జాగాలో రేకుల హాలు కట్టేవారు. దాని చుట్టూ కాపురాలు. నేల, బెంచీ, కుర్చీ టిక్కెట్లు. రోజుకో నాటకం చొప్పున నెలల తరబడి ఒకే ఊళ్లో ఉండేవారు. సమాజం పెరిగి పెద్దదైన కొద్దీ కొడుకులూ అల్లుళ్లూ విడిపోయి కొత్త సమాజాలు పెట్టుకున్నారు. ఒక దశలో అవి ముప్పై దాటాయి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సినిమా హాళ్లు వచ్చాయి, తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. ఊరి చివర ఖాళీ జాగాలు ప్లాట్లయ్యాయి. అన్ని లారీల సామానుతో, అంతమంది మనుషులతో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కదలడమే భారమైపోయింది.

నిలిచిన సమాజాల్లో ముందు చెప్పాల్సింది 1937లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి. దాన్ని దశాబ్దాల పాటు నడిపిన రేకందార్ నాగేశ్వరరావును జనం ఎరిగింది సురభి బాబ్జీగానే. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో ఏళ్ల తరబడి నాటకాలు ఆడించి, నగరంలో పుట్టిన పిల్లలకు పౌరాణిక నాటకం రుచి చూపించిన మనిషి. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు.

సురభి పాతదాన్నే పట్టుకుని వేలాడుతోందనే వాళ్లకు బి.వి. కారంత్ ఉదాహరణ చాలు. కర్ణాటక నుంచి వచ్చిన ఆ దర్శకుడు 1990లలో ఈ నటులతో కూర్చుని ‘భీష్మ’, ‘చండీప్రియ’ చేయించారు. జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడించారు. చిన్నప్పుడే ఇల్లు వదిలి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో పెరిగినవాడు కాబట్టి, కంపెనీ నటుల విద్య విలువ ఆయనకు తెలుసు. పౌరాణికాల్లో పండిన గొంతులు బస్తీ కథనూ అంతే సులువుగా పట్టుకున్నాయి. తీగలూ గిలకలూ తీసేసినా నిలబడగలిగే నటులు వీళ్లని అప్పుడు అందరికీ తెలిసింది.

సురభి కుటుంబాలు చాలావరకు ఇప్పుడు హైదరాబాద్ లింగంపల్లిలోని సురభి కాలనీలో ఉంటాయి. అక్కడికి కొద్ది దూరంలోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయం. 1988లో అక్కడ మొదలైన సరోజినీ నాయుడు స్కూల్లో రంగస్థల కళలకు ప్రత్యేక విభాగం ఉంది. అలాంటి విభాగమే తెలుగు విశ్వవిద్యాలయంలో ఉంది, విశాఖ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉంది. ఒకచోట రంగస్థలాన్ని సిద్ధాంతంగా చదువుతారు, ఇంకోచోట తరతరాలుగా దాన్ని బతుకుతున్నారు. ఆ రెండు చోట్లకూ నడుమ ఉండాల్సిన రాకపోకలు ఎప్పుడో ఒక పండగకు, ఒక సభకు పరిమితం కాకూడదు.

విశ్వవిద్యాలయాలు ఏటా ఒక నాటక రుతువు పెట్టుకోవాలి. పది రోజులు చాలు. సాయంత్రం సురభి నాటకం, టిక్కెట్టు పెట్టి, ఊళ్లో కుటుంబాలన్నిటికీ తలుపులు తెరిచి. పగలు అదే వేదిక మీద, అదే తెరల మధ్య, సురభి పెద్దలే గురువులుగా విద్యార్థులకు పాఠం. తెర ఎలా చుట్టాలి, గిలకకు తాడు ఎలా పడుతుంది, బాణం తీగ ఎంత బిగువుండాలి, వన్స్ మోర్ పడితే వెనకవాడు ఏం చేయాలి. ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. వయసు పైబడిన చేతుల్లో ఉన్నాయి. వాటిని చిత్రీకరించి, కొలతలతో సహా రాసి భద్రపరిచే పని విశ్వవిద్యాలయాలు కాక ఇంకెవరు చేస్తారు? ఆ పెద్దలకు ఇచ్చేది శాలువా కాక గురువుకు ఇచ్చే జీతమైతే, వాళ్ల మనవలు చదువుకుని కూడా వేదిక విడవకుండా ఉంటారు.

ప్రేక్షకుల పని ఇంకా తేలిక. మీ ఊళ్లో సురభి బండి ఆగిందని తెలిస్తే టిక్కెట్టు కొనుక్కుని వెళ్లండి. పిల్లల్ని, ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. పిల్లల్ని ముందు వరసలో, నేల మీద కూర్చోబెట్టండి. నాటకం అయ్యాక ఒక్క అయిదు నిమిషాలు ఆగి, అనుమతి అడిగి, వాళ్లను తెర వెనక్కి కూడా తీసుకెళ్లి ఆ తాడు చూపించండి.