జనగణన అంకెలు - ఉత్తరాంధ్ర కథ: రుషికొండ తీరం ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
ఉత్తరాంధ్ర కథాసాహిత్య విమర్శలో జనాభా లెక్కలు సామాజిక నేపథ్యంగా వినియోగంలో ఉన్నాయి. ఈ లెక్కలను ప్రశ్నించకుండా స్వీకరించడం వలన కథను అంకెకు ఉదాహరణగా కుదించే ప్రమాదం ఉంది. విశాఖపట్నం, భీమునిపట్నం, వాటి నడుమ ఉన్న రుషికొండ ఆధారంగా ఈ సమస్యను పరిశీలించడం, రావిశాస్త్రి, కారా రచనల ద్వారా ప్రత్యామ్నాయ పఠనాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జనగణన, వలస, నగర విస్తరణ, ఉత్తరాంధ్ర కథ, రుషికొండ, రావిశాస్త్రి, కారా.

1. ఉపోద్ఘాతం:
విశాఖ ప్రాంత రచయితలపై వెలువడే పరిశోధనల్లో ఒక క్రమం తరచుగా కనిపిస్తుంది. మొదట నగర జనాభా పెరుగుదల వివరాలు, తరువాత కథల సారాంశం, చివర వలస జీవితాన్ని రచయిత వాస్తవికంగా చిత్రించాడన్న నిర్ధారణ. ఈ క్రమంలో అంకె ముందే రుజువైన సత్యంగా నిలుస్తుంది. కథ దానికి సాక్ష్యం చెప్పే స్థానంలో మిగులుతుంది. నిజానికి జనాభా పట్టిక కూడా ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం, నిర్దిష్ట నియమాలతో రూపొందిన పాఠమే. ఇతర పాఠాలకు వర్తించే పరిశీలన దానికీ వర్తించాలి.

2. అంకె వెనుక ఎల్లలు:
1901లో విశాఖపట్నం జనాభా 41 వేలకు చేరువలో ఉంది. 1951 నాటికి లక్షా 8 వేలకు, 2011 నాటికి 17 లక్షల 28 వేలకు చేరింది. నూట పది సంవత్సరాలలో ఇది నలభై రెట్లకు మించిన పెరుగుదల. 1933లో నౌకాశ్రయం ప్రారంభం కావడం, 1940వ దశకంలో నౌకానిర్మాణ కేంద్రం, 1957లో చమురుశుద్ధి కర్మాగారం, ఆ పైన ఉక్కు కర్మాగారం ఏర్పడడం ఇందుకు ప్రధాన కారణాలు.

అయితే ఒక నగర జనాభా మూడు విధాలుగా పెరుగుతుంది: జనన మరణాల వ్యత్యాసం, వలస, పరిపాలనా ఎల్లల విస్తరణ. మూడవ విధానంలో మనుషులు ఉన్నచోటనే ఉంటారు, ఎల్ల మాత్రమే జరుగుతుంది. 2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2001లో నగరపాలక సంస్థ పరిధి జనాభా సుమారు 9 లక్షల 80 వేలు. అదే సంవత్సరం చుట్టుపక్కల పట్టణ ప్రాంతాలను కలుపుకొన్న నగర సముదాయం జనాభా సుమారు 13 లక్షల 45 వేలు. 2011 నాటి 17 లక్షల 28 వేలను మొదటి అంకెతో పోలిస్తే పెరుగుదల 76 శాతం, రెండవదానితో పోలిస్తే 28 శాతం. మొదటి పోలికను స్వీకరించిన పరిశోధకుడు ఆ దశాబ్దపు కథల్లో వలసల వెల్లువను వెతుకుతాడు. ఆ వెల్లువలో దాదాపు సగం విలీనమైన ప్రాంతాలలో అంతకుముందు నుంచీ నివసిస్తున్నవారే.

3. వెనుకబడిన పట్టణం, కలిసిపోయిన ఊరు:
విశాఖ నుంచి భీమిలి వెళ్లే తీరమార్గంలో రుషికొండ ఉంది. ఈ మార్గానికి ఉత్తరపు కొసన ఉన్న భీమునిపట్నం ఒకనాటి డచ్చి వర్తక స్థావరం. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన రేవుపట్టణం. 1901లో దాని జనాభా పదివేలు, అంటే విశాఖ జనాభాలో దాదాపు నాలుగోవంతు. నౌకావాణిజ్యం విశాఖకు తరలిన తరువాత ఆ నిష్పత్తి నిలువలేదు. ఉత్తర అమెరికా గడ్డిమైదానాల్లోని అనేక చిన్న పట్టణాలది కూడా ఇటువంటి చరిత్రే. వ్యవసాయ యంత్రాలు, పెద్ద కమతాలు పెరిగేకొద్దీ యువతరం తరలిపోయి జనసంఖ్య క్షీణించింది. అయితే ఆ పట్టణాల క్షీణత వాటి పేరుతోనే పట్టికలో నమోదవుతుంది.

రుషికొండ పరిస్థితి ఇందుకు భిన్నం. ఇక్కడ క్షీణత లేదు. 1980లో స్థాపితమైన గీతం విద్యాసంస్థ, తరువాతి కాలపు సమాచార సాంకేతిక సంస్థలు, పర్యాటకం ఈ తీరానికి కొత్త జనాన్ని తెచ్చాయి. కానీ నగర పరిధిలో చేరిన ఊరు వార్డుల లెక్కలో కలిసిపోతుంది. వసతిగృహాల విద్యార్థి ఆ సమయానికి ఇక్కడ ఉంటే నివాసిగా నమోదవుతాడు. దినమంతా తీరంలో ఉండే పర్యాటకుడు నమోదు కాడు. తరతరాలుగా వేట సాగించే జాలరి కుటుంబానికీ, నిన్న అద్దెకు దిగిన ఉద్యోగికీ మొత్తం సంఖ్యలో ఒకే విలువ. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడడంతో ఈ తీరం అత్యంత వేగంగా మారిన దశ పట్టికకు అందలేదు.

4. కథ చూపే లెక్క:
కాళీపట్నం రామారావు శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి విశాఖలోని సెయింట్ ఆంథోనీ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. నగర జనసంఖ్యలో ఆయన కూడా ఒక వలస అంకె. ఆయన 'యజ్ఞం' (1964) కథలో సుందరపాలెం అభివృద్ధి చెందిన ఊరు. అయినా అప్పల్రాముడి అప్పు అతని సంతానాన్ని కంబారితనం వైపు నెడుతుంది. వెళ్లిపోయినవారిని కాక, కదలలేక నిలిచిపోయినవారిని ఈ కథ చూపుతుంది. పట్టికలో సుందరపాలెం వంటి ఊరి జనాభా స్థిరంగానే కనిపించవచ్చు. ఆ స్థిరత్వానికి ఆధారం రుణబంధమని చెప్పగలిగింది కథ మాత్రమే. 'జీవధార'లో పేటవాసులు నీటికోసం సంపన్నుల ఇంటి ముందు చేరతారు. జనసాంద్రత అనే భావన అక్కడ బిందెల వరుసగా, వాదులాటగా రూపుదాలుస్తుంది.

రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'లో గుమాస్తా సుబ్బయ్య, కాంట్రాక్టరు గవరయ్య ఒకే నగరవాసులు. పెరుగుతున్న నగరం ఒకరికి సంపాదన మార్గం, మరొకరికి భయకారణం. ఈ అసమానత్వం పెరుగుదల శాతంలో కనిపించదు.

అలాగని కథను గణాంకానికి ప్రత్యామ్నాయంగా నిలపడం కూడా సరికాదు. ఎందరు అప్పల్రాముళ్లు ఉన్నారో 'యజ్ఞం' చెప్పదు. ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు భూములు కోల్పోయిన విషయాన్ని గ్రహించడానికి లెక్క అవసరమే. 1971 జనగణన నుంచి గత నివాసస్థానాన్ని, 1981 నుంచి వలస కారణాన్ని కూడా నమోదు చేస్తున్నారు. సాహిత్య పరిశోధన మొత్తం జనాభాను ఉదాహరించి ఆగిపోకుండా ఈ వలస పట్టికలను వినియోగించుకోవాలి.

5. ఉపసంహారం:
జనాభా వివరాలను ఉపయోగించే సాహిత్య పరిశోధకుడు మూడు అంశాలను పరిశీలించాలి. ఆ అంకె ఏ ఎల్లలకు చెందింది? ఎవరిని నివాసులుగా గుర్తించింది? వెళ్లిపోయినవారు, వెళ్లలేకపోయినవారు దానిలో ఎక్కడ ఉన్నారు? మొదటి రెండు ప్రశ్నలకు జనగణన నిర్వచనాలే సమాధానం ఇస్తాయి. మూడవ ప్రశ్నకు కథ అవసరం. రుషికొండ వంటి ఊరు పట్టికలో తన పేరును కోల్పోయే దశలో ఉంది. దాని పాత నివాసుల మాటలను, పేటల పేర్లను, వృత్తులను నమోదు చేసిన రచనలను గుర్తించి సేకరించడం ప్రాంతీయ సాహిత్య పరిశోధన తక్షణం చేపట్టవలసిన పని.