మిరాశీ నుంచి అనుమతి పత్రం వరకు: వీధి ప్రదర్శన, చట్టం, జానపద పరిశోధన పరిభాష

తెలుగులో వీథి అనే రూపక భేదానికి సాహిత్య చరిత్రలు ప్రధానంగా చూపే ఉదాహరణ క్రీడాభిరామం. కర్తృత్వ వివాదం ఎలా ఉన్నా, రావిపాటి త్రిపురాంతకుని ప్రేమాభిరామాన్ని అనుసరించిన ఈ కృతిలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల వెంట నడుస్తూ నగర వినోదాలను చూస్తారు. పల్నాటి వీరుల కథాగానం, కోడిపందెం వారి కంటపడతాయి. కథనమంతా చూసేవారి వైపు నుంచి సాగుతుంది గనుక, పాడేవారు ఆ కూడలిలో ఎవరి సమ్మతితో నిలబడ్డారన్నది కావ్యానికి ముఖ్యం కాదు. కావ్యానికి అనవసరమైన ఈ ప్రశ్నను జానపద కళల పరిశోధన కూడా చాలాకాలం అనవసరంగానే భావించింది. వీధి నాటకం, పగటివేషం, బుర్రకథ, తోలుబొమ్మలాట వంటి రూపాలను నిర్వచించేటప్పుడు వీధిని అందరికీ తెరిచి ఉన్న రంగస్థలంగా వర్ణించడం పరిపాటి అయింది. రంగస్థలానికి తెర, గోడ, టిక్కెట్టు లేవన్నది నిజమే. అనుమతి మాత్రం ఎప్పుడూ ఉంది. అది ఎవరి చేతిలో ఉందో, ఏ పేరుతో ఉందో కాలాన్నిబట్టి మారింది. ఆ మార్పు ప్రదర్శన పాఠంపైన, ప్రదర్శకుడిని పరిశోధన పిలిచే పేరుపైన పడిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలంగాణ ఆశ్రిత కులాల వ్యవస్థ ఇందుకు తగిన ఆధారం. చిందువారు, డక్కలివారు మాదిగలకు, కూనపులివారు పద్మశాలీలకు, గౌడజెట్టివారు గౌడులకు, కాకిపడగలవారు ముదిరాజులకు కథ చెప్పేవారు. ఏ కుటుంబం ఏ ఊళ్లకు వెళ్లాలన్నది ముందే నిర్ణయమై ఉండేది. ఆ ఊళ్లపై ఉన్న హక్కు మిరాశీ. అది తండ్రి నుంచి కొడుకులకు సంక్రమించేది, అన్నదమ్ముల మధ్య పంపకమయ్యేది. మేళం ఊరికి వచ్చినప్పుడు పోషక కులం తిండి పెట్టి, కథ చెప్పించుకొని, కట్నం ఇచ్చి పంపాలి. ఇక్కడ అడగడం హక్కు, ఇవ్వడం బాధ్యత. ఈ బంధానికి దస్తావేజు ఎక్కడుందని వెతికితే అది కుల పురాణంలోనే కనిపిస్తుంది. జాంబపురాణం పోషక కులం పుట్టుకను మాత్రమే చెప్పి ఊరుకోదు. ఆశ్రిత కులం ఎలా పుట్టిందో, పోషకుడి సంపాదనలో దానికి భాగం ఎందుకు దక్కాలో కూడా చెబుతుంది. ఉత్పత్తి కథలోని ఈ ఘట్టాన్ని కేవలం పురాణ కల్పనగా చదివితే సగమే అర్థమవుతుంది. ఏటా ఊరి నడుమ నిలబడి పదిమంది ఎదుట ఆ ఘట్టాన్ని పాడడమంటే హక్కు పత్రాన్ని చదివి వినిపించడమే.

మిరాశీని ఆదర్శంగా చూడనవసరం లేదు. ప్రదర్శకుడిని అది ఒక కులానికి, ఆ కులం ద్వారా ఒక అంతస్తుకు కట్టిపడేసింది. పోషకుడి కంటే ఆశ్రితుడు తక్కువవాడన్న భావన మీదనే ఆ వ్యవస్థ నిలిచింది. మాదిగలే అంటరానివారుగా ఉన్న ఊళ్లో వారి ఆశ్రితులైన డక్కలివారి స్థానం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అయినప్పటికీ ఆ వ్యవస్థ ప్రదర్శకుడిని గుర్తించింది. అతడు ఊరికి కొత్తవాడు కాదు, అతడి రాకకు కారణం అందరికీ తెలుసు.

వలస ప్రభుత్వ చట్టం వీధిలోకి వచ్చినప్పుడు ఈ గుర్తింపు దాని కంటికి ఆనలేదు. 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షను ఊరేగింపులకు లైసెన్సు పద్ధతిని తెచ్చింది. పండుగల్లో, వేడుకల్లో వీధిలో ఎంత మేరకు వాద్యం మోగవచ్చో నియంత్రించే అధికారాన్ని పోలీసులకిచ్చింది. నాటక ప్రదర్శనల చట్టం 1876లో వచ్చింది. రాజద్రోహకరమని, పరువుకు భంగకరమని, నీతిబాహ్యమని తోచిన ప్రదర్శనను నిషేధించే వీలు దీనివల్ల ప్రభుత్వానికి కలిగింది. నీలిదర్పణం తర్వాతి బెంగాలు రంగస్థలాన్ని దృష్టిలో ఉంచుకొని వచ్చిన చట్టంగా దీన్ని నాటక చరిత్రలు ప్రస్తావిస్తాయి. అంతగా పట్టించుకోనిది దాని 12వ సెక్షను. జాతరలకు, మతోత్సవాల్లో జరిగే అటువంటి ప్రదర్శనలకు ఈ చట్టం వర్తించదని అది మినహాయించింది. వీధి ప్రదర్శనకు రక్షణ దొరికింది, కానీ అది దైవకార్యంలో భాగమైనప్పుడే. ఊరి జాతరలో కథ చెప్పే బృందం చట్టానికి వెలుపల ఉంది. అదే కథన పద్ధతితో రైతు కష్టాన్ని చెప్పిన బృందం లోపలికి వచ్చింది. ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధి భాగోతాన్ని ఉద్యమ సాధనాలుగా మలిచిన కాలంలో ఈ గీత ఎంత పదునైనదో తేలింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మా భూమి నాటకం మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైంది. ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని అలహాబాదు హైకోర్టు 1956లోనే తీర్పు చెప్పినా, పార్లమెంటు దీన్ని పుస్తకాల్లోంచి తీసివేయడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది.

దైవకార్యం కాని వీధి ప్రదర్శనను చట్టం మరో పేరుతో గుర్తించింది. ఆ పేరు యాచన. 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాలలో గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, దాసరులు భిక్షుకులుగానే నమోదయ్యారు. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించాక, దాని కింద నమోదైన సంచార జాతులకు ఊరు దాటడమే అనుమతితో కూడిన పని అయింది. దొమ్మరులు ఇప్పటికీ విముక్త జాతుల జాబితాలో ఉండడానికి మూలం ఆ చట్టమే. తిరగడం వృత్తిలో భాగమైన వారికి తిరగడమే అనుమానాస్పదమైంది. 1952లో చట్టం రద్దయినా దాని దృష్టి రద్దు కాలేదు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నివారణ చట్టం భిక్షాటనను నిర్వచిస్తూ పాడడం, ఆడడం, జోస్యం చెప్పడం, ప్రదర్శన ఇవ్వడం వంటి నెపాలతో బహిరంగ స్థలంలో దానం స్వీకరించడాన్ని కూడా అందులో చేర్చింది. పాట ఇక్కడ పని కాదు, నెపం. ఈ చట్టం తెలుగు నేలది కాకపోయినా (ఆంధ్రప్రదేశ్ 1977లో తన చట్టం తాను చేసుకొంది) ఆధునిక భారతీయ చట్టం వీధి కళను ఎలా చూస్తుందో ఇంతకంటే సూటిగా చెప్పిన వాక్యం మరొకటి దొరకడం కష్టం. ఢిల్లీకి వర్తించిన మేరకు ఇందులోని శిక్షా నిబంధనలను అక్కడి హైకోర్టు 2018లో కొట్టివేసింది.

స్థానిక ఉత్తర్వులు ఈ దృష్టిని ఎలా అమలు చేస్తాయో హైదరాబాదులో 2017 నవంబరులో కనిపించింది. అంతర్జాతీయ వ్యాపార సదస్సుకు ముందు నగర పోలీసులు రెండు నెలలపాటు, అంటే 2018 జనవరి 7 వరకు, రోడ్లపై భిక్షాటనను నిషేధించారు. ధనుర్మాసం డిసెంబరు నడుమ మొదలై సంక్రాంతికి ముగుస్తుంది. హరిదాసు, గంగిరెద్దులవాడు, బుడబుక్కలవాడు నగర వీధుల్లో కనిపించే కాలం అదే. ఆ నెలలో ఎక్కువ భాగం నిషేధపు గడువులోనే పడింది. ఉత్తర్వు రూపొందించినవారు పంచాంగం చూసి ఉండరు, అది వారి పని కాదు. అక్షయపాత్ర తలపై పెట్టుకొని నోరు తెరిచి అడగకుండా కీర్తన పాడుతూ నిలబడే హరిదాసును, కూడలిలో చెయ్యి చాపిన నిరుపేదను వేరుచేసి చూపే మాట ఆ పాలనా భాషలో లేదన్నదే ఇక్కడ గమనించవలసింది.

వేషం విషయంలో తెలుగు నేలకే చెందిన చట్టం ఒకటుంది. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో వచ్చిన చట్టం హిజ్రాల పేర్లు నమోదు చేయించింది. అలా నమోదైన వ్యక్తి స్త్రీ వేషంతో వీధిలో కనిపించినా, బహిరంగ స్థలంలో ఆడినా, వాద్యం వాయించినా వారెంటు లేకుండా నిర్బంధించి శిక్షించవచ్చని నిర్దేశించింది. తెలంగాణ హైకోర్టు దీన్ని రాజ్యాంగ విరుద్ధమని 2023 జులైలో ప్రకటించే వరకు, సుమారు నూరేళ్లు, అది చట్టాల పుస్తకంలో నిలిచి ఉంది. ఇదే కాలంలో, ఇదే నేలపై, చిందు భాగోతంలోనూ పగటివేషాల్లోనూ వేషమార్పు మెచ్చుకోలు పొందింది. భామాకలాపంలో పురుషుడు ధరించిన సత్యభామ వేషం శాస్త్రీయ గౌరవం సంపాదించుకొంది. వీధిలో స్త్రీ వేషం తప్పా అని అడిగితే చట్టం చెప్పగల సమాధానం ఒక్కటే: వేసినది ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. స్త్రీపాత్రాభినయంపై జరిగిన విస్తారమైన పరిశోధన ఈ చట్టాన్ని పక్కన పెట్టుకొని మళ్లీ చదవదగినది.

అనుమతి నియమాలు పాఠాన్ని నేరుగా తాకే చోటు రాత్రి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకరును నిషేధించాయి. 2010 సవరణ తర్వాత వాద్యాలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. మూసిన ఆవరణలకు మినహాయింపు ఉంది. సాంస్కృతిక, మత ఉత్సవాల సందర్భంగా ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి పన్నెండు వరకు లౌడ్‌స్పీకర్లకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. నిద్ర పౌరుడి హక్కు, దానితో పేచీ లేదు. కానీ తోలుబొమ్మలాట, చిందు యక్షగానం, వీధి భాగోతం తెల్లవారే వరకు సాగే రూపాలు. వాటి నిర్మాణమే ఆ నిడివిని నమ్ముకొని ఏర్పడింది. పాత్ర ప్రవేశ దరువులు, ఒకే సందర్భాన్ని పద్యంలో, వచనంలో, పాటలో మళ్లీ మళ్లీ చెప్పే పద్ధతి, కునుకు తీస్తున్న ప్రేక్షకుడిని లేపే హాస్య ఘట్టాలు రాత్రి పొడవునా పరుచుకొంటాయి. మూసిన ఆవరణకు ఉన్న మినహాయింపు సభామందిరానికి పనికొస్తుంది గాని ఊరి నడిబజారుకు కాదు. పది గంటలకు ముగించవలసిన ప్రదర్శనలో మిగిలేది రామాయణ కథాక్రమం, పోయేది కేతిగాడు, బంగారక్క. సమకాలీన ఊరిపై వ్యాఖ్యానించేది, పెద్దమనిషిని పేరెత్తకుండా వెక్కిరించేది ఆ హాస్య పాత్రలే. కథకు అనవసరమైనవిగా కనిపిస్తాయి గనుక ముందు కోతపడేది కూడా అవే. ఏ అధికారీ వాటిని నిషేధించలేదు, గడియారమే ఆ పని చేసింది.

పరిశోధన పద్ధతికి దీనితో దగ్గరి సంబంధం ఉంది. విశ్వవిద్యాలయాల ఆహ్వానంపైనో, సాంస్కృతిక శాఖ ఉత్సవంలోనో గంటన్నర, రెండు గంటలు సాగిన ప్రదర్శనను ధ్వనిముద్రించి, దాని లిఖిత రూపాన్ని ఆ కళారూపపు పాఠంగా అనుబంధంలో ప్రచురించడం సిద్ధాంత వ్యాసాల్లో సాధారణమైంది. ప్రదర్శించిన ఊరు, తేదీ, బృంద నాయకుడి పేరు నమోదవుతాయి. ఎవరు పిలిచారు, ఎంత సమయం కేటాయించారు, అనుమతి ఎవరిచ్చారు, కథలో దేన్ని విడిచిపెట్టమన్నారు అనేవి నమోదు కావు. తాళపత్ర ప్రతిని పరిష్కరించేవారు శిథిల పత్రాలను, లేఖక దోషాలను చెప్పకుండా పాఠం ప్రకటించరు. మౌఖిక పాఠానికి ఆ శ్రద్ధ ఎందుకు ఉండకూడదు? ప్రభుత్వ పథకాల ప్రచారానికి కళాజాతలుగా మారిన బృందాల విషయంలో ఈ నమోదు మరీ అవసరం. వారికి అనుమతి కోసం తిరగవలసిన పని ఉండదు, కానీ అక్కడ ఒగ్గుకథ బాణీలో వినిపించేది కార్యాలయం ఇచ్చిన వస్తువు.

చివరగా పేరు విషయం. జానపద కళలను వర్గీకరించేటప్పుడు ఆచార సంబంధ కళలు, వినోద కళలు అన్న విభజనతోపాటు భిక్షుక గాయకులు, యాచక కళాకారులు అన్న వర్గం తెలుగు పరిశోధనలో స్థిరపడింది. చట్టం చేసిన విభజనకు ఇది ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది: జాతరలో ఉంటే ఆచారం, వీధిలో ఉంటే యాచన. ప్రదర్శకులే తమ వృత్తిని అడుక్కోవడమని చెప్పుకొంటారు కదా అనే ఆక్షేపణ ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు. అయితే అదే నోట మిరాశీ, త్యాగం, కట్నం, సంభావన అనే మాటలు కూడా వస్తాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సందర్భం, ఇచ్చేవారితో ఒక్కొక్క సంబంధం ఉంది. పగటివేషగాళ్లు కొన్నాళ్లపాటు రోజుకొక వేషం చూపి చివరిరోజున ఇంటింటా పుచ్చుకొనేది సంభావన. హరిదాసు భిక్ష మతపరమైన గౌరవం గలది, దానం కంటే ముందు వ్రతం. ఇన్ని సంబంధాలను యాచన అనే ఒక్క మాట కిందికి తేవడం వర్గీకరణ సౌలభ్యమే గాని వర్ణన కాదు. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో, డక్కలి కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు రాజ్యం వాడిన మాట కళ. అదే కిన్నెర కూడలిలో మోగితే ఆ మాట వర్తిస్తుందా అన్నది ఇంకా తేలలేదు.

2014 నాటి వీధి విక్రేతల చట్టం పట్టణ విక్రయ కమిటీలను ఏర్పరచి, గుర్తింపు పత్రం ఇచ్చే పద్ధతి తెచ్చింది. దాని నిర్వచనంలో సరుకులు అమ్మేవారితోపాటు ప్రజలకు సేవలు అందించేవారు కూడా ఉన్నారు. ప్రదర్శకుల ప్రస్తావన లేదు. తోలుబొమ్మకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉంది, నిమ్మలకుంటలో ఆ తోలుపని దీపపు తొడుగుల రూపంలో కొనుగోలుదారులను సంపాదించుకొంది. బొమ్మను కాలిబాటపై పెట్టి అమ్మేవాడు ఈ చట్టం ప్రకారం విక్రేత. ఆ బొమ్మను అక్కడే ఆడించి పదిమంది ఇచ్చింది తీసుకొనేవాడు సేవ అందించినట్టా, యాచించినట్టా అన్నది కమిటీ ముందుకు వచ్చిననాడు, మిరాశీ గురించి, కట్నం గురించి సాక్ష్యం చెప్పగలిగినది తెలుగు జానపద పరిశోధనే. ఆ పరిశోధన గ్రంథాల విషయసూచికలో మాత్రం అతడు ప్రస్తుతానికి యాచకుల అధ్యాయంలో ఉన్నాడు.