నిష్క్రమణ: మూడు పాఠాలలో

స్టీవెన్ స్పీల్‌బర్గ్ రచించి దర్శకత్వం వహించిన ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్’ 1977 నవంబరులో అమెరికాలో విడుదలైంది. గ్రహాంతరవాసులతో మానవుల సమాగమం దీని ఇతివృత్తం. థియేటర్లలో దీని ఆయువు కొన్ని నెలలది. ఇంటి తెర మీద మాత్రం అది దశాబ్దాలుగా జీవిస్తున్నది. క్యాసెట్టు, లేజర్ డిస్కు, డీవీడీ, బ్లూ-రే అంటూ వాహకాలు మారుతూ వచ్చిన ఈ కాలంలో చిత్రం కూడా ఒకటిగా నిలిచి లేదు. ఒకే గ్రంథానికి పలు పాఠాలు ఎలా ఏర్పడతాయో, వాటిలో దేనిని ప్రమాణంగా గ్రహించాలో నిత్యం విచారించే పాఠకులకు ఈ చిత్రం అందుకే పరిశీలనార్హం. అంతకన్న గట్టి కారణం మరొకటి ఉంది. ఇది ఇల్లు విడిచి వెళ్లిన ఒక గృహస్థు కథ. అతని నిష్క్రమణను చిత్రం ఏ తూకంతో తూచింది, ఆ తూకం సరైనదేనా అన్నదే ఇక్కడి విచారణ.

కథానాయకుడు రాయ్ నియరీ ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణంలో విద్యుత్ తీగలు బాగుచేసే కార్మికుడు. భార్య రానీ, ముగ్గురు పిల్లలు అతని సంసారం. ఒక రాత్రి కరెంటు పోయిందని పనిమీద వెళ్లిన అతనికి ఆకాశంలో ఒక కాంతి ఎదురవుతుంది. అది మొదలు ఒక కొండ ఆకారం అతని మనసును పట్టుకొని వదలదు. గడ్డం గీసుకొనే నురుగులోను, కంచంలోని ఉడికించిన బంగాళాదుంపల ముద్దలోను, మట్టిలోను దానినే మలుస్తూ ఉంటాడు. ఉద్యోగం పోతుంది, భార్య పిల్లలను తీసుకొని వెళ్లిపోతుంది. ఆ కొండ వయోమింగ్ రాష్ట్రంలోని డెవిల్స్ టవర్ అని తెలుసుకొని అతను అక్కడికి చేరుతాడు. చివరకు ఆగంతుకుల నౌక ఎక్కి భూమిని విడిచిపోతాడు.

జంషెడ్‌పూర్ నగరంలోని సాక్చి నుండి ఈ కథను చూసేవారికి తొలి దృశ్యాలు పరాయివిగా తోచవు. 1907లో స్థాపితమైన టాటా ఇనుము ఉక్కు సంస్థ తన కర్మాగారానికి ఎంచుకొన్న గ్రామం సాక్చి. 1912లో అక్కడ తొలి ఉక్కు తయారైంది. 1919లో లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టగా, పాత పేరు నగరంలోని ఒక పేటకు మిగిలింది. కరిగిన చిట్టెం పారబోసినప్పుడు రాత్రి ఆకాశం ఎర్రబారడం అక్కడి పాతతరాలకు నిత్యానుభవం. కాంతి వారికి అద్భుతం కాదు, పనికి గుర్తు. షిఫ్టు వేళలు, పనిముట్ల సంచి, ఉద్యోగం పోతుందన్న భయం తెలిసిన ఊరు అది. రాయ్ నియరీ కష్టం ఆ ఊరికి వెంటనే అర్థమవుతుంది. అతని నిర్ణయం అంత సులువుగా అర్థం కాదు.

ముందుగా పాఠాల సంగతి. 1977 నాటి మూల ప్రదర్శన 135 నిమిషాలది. విడుదల తేదీ ఒత్తిడి వల్ల పని అసంపూర్తిగా మిగిలిందని దర్శకుడు భావించాడు. దానిని సవరించుకొనేందుకు కొలంబియా సంస్థ అవకాశమిస్తూ, నౌక లోపలి భాగాన్ని ప్రేక్షకులకు చూపాలన్న షరతు పెట్టింది. అలా 1980లో 132 నిమిషాల ‘ప్రత్యేక’ పాఠం వచ్చింది. కొన్ని దృశ్యాలు చేరాయి, కొన్ని పోయాయి. 1998లో దర్శకుడు మూడోసారి కూర్చి, 137 నిమిషాల పాఠాన్ని స్థిరపరిచాడు. చిత్రానికి ముప్పై ఏళ్లు నిండిన 2007లో ఈ మూడూ ఒకే పేటికలో ఇళ్లకు చేరాయి. ఈ చిత్రాన్ని పాఠ విమర్శకుని దృష్టితో చూడగలిగే వీలు సామాన్య ప్రేక్షకునికి అప్పుడు కలిగింది.

ధర్మపదం పాలి, గాంధారీ పాఠాలలోను, పట్నా పేరుతో వ్యవహృతమయ్యే పాఠంలోను లభిస్తుండగా, సంస్కృత ఉదానవర్గం దానికి దగ్గరి బంధువుగా నిలుస్తుంది. అక్కడి భేదాలు నికాయాల వల్ల, దేశాల వల్ల, భాణకుల పరంపర వల్ల ఏర్పడినవి. ఇక్కడ మూడు పాఠాలకూ కర్త ఒక్కడే. ఒక పాఠం మాత్రం పెట్టుబడి పెట్టినవారి కోరికకు తలవంచి పుట్టింది. కర్త చివరిగా సమ్మతించినదే ప్రమాణమని ఒక వాదం. తొలి శ్రోతలు విన్నదే ప్రమాణమని మరొక వాదం. ఈ చిత్రం విషయంలో ఏ ఒక్క వాదమూ పూర్తిగా చాలదు. ప్రతి మార్పునూ అది కథార్థాన్ని ఏం చేసిందన్న ప్రశ్నతో విడివిడిగా పరీక్షించవలసిందే.

నౌక లోపలి దృశ్యం ఆ పరీక్షలో నిలవదు. 1977 పాఠంలో రాయ్ వెలుగులోకి నడిచి వెళ్తాడు. ప్రేక్షకుడు గడప ఇవతలే ఉండిపోతాడు. 1980 పాఠం అతని వెంట లోపలికి తీసుకుపోయి దీపాల కొలువును చూపుతుంది. చూపిన మరుక్షణం, చూడని దానికి ఉన్న గాంభీర్యం తరుగుతుంది. తెలుగు నేల మీది శిల్పులకు ఈ సూక్ష్మం రెండువేల ఏళ్ల కిందటే తెలుసు. అమరావతి శిల్పాలలో అనేక ఫలకాల మీద తథాగతుని స్థానంలో శూన్యాసనం, పాదముద్రలు, బోధివృక్షం ఉంటాయి. ఈ సంకేతాల అర్థం విషయంలో పండితుల మధ్య వాదాలున్నాయి. మానవాకృతిలోని బుద్ధుడు కూడా అదే స్తూపం మీద కనిపిస్తాడు. అయినా శూన్యాసనం ముందు నిలిచిన చూపరికి ఆ ఖాళీ ఒక లోపంగా తోచదన్నది నిశ్చయం. దర్శకుడు తరువాత తన తప్పును గుర్తించి 1998లో ఆ దృశ్యాన్ని తొలగించాడు. మజ్ఝిమ నికాయంలో మాలుంక్యపుత్తుడు లోకం శాశ్వతమా అశాశ్వతమా అని నిలదీసినప్పుడు, బాణం దిగినవాడు ఆ బాణం ఎవరు వేశారో తెలిసేదాకా వైద్యం వద్దనడాన్ని భగవానుడు ఉపమానంగా చెప్పాడు. తలుపు వెనుక ఏముందన్న కుతూహలం కథ అడగవలసిన ప్రశ్నను మరుగుపరచింది. లోపల ఏముందన్నది అప్రధానం. బయట ఎవరు మిగిలారన్నదే ప్రధానం.

రెండో మార్పు ఇంకా తీవ్రమైనది. రాయ్ తన ఇంటి కిటికీ గుండా మట్టిని, మొక్కలను, చేతికందిన సామగ్రిని లోపలికి విసిరి హాల్లో కొండను కట్టే దీర్ఘ దృశ్యం మూల పాఠంలో ఉంది. అది చూచి భార్య పిల్లలను కారెక్కించుకొని వెళ్లిపోతుంది. 1980 పాఠం ఈ విధ్వంసాన్ని తీసివేసి, స్నానాల గదిలో అతను కుప్పకూలే దృశ్యాన్ని చేర్చింది. 1998 పాఠం రెండింటినీ నిలిపింది. ఈ ఒక్క కారణం వల్లనైనా మూడో పాఠమే గ్రాహ్యం. తండ్రి పిచ్చివాడవుతున్నాడేమోనని భోజనాల బల్ల వద్ద కొడుకు కన్నీరు పెట్టుకోవడం, ఇల్లు ఇల్లుగా లేకుండా పోవడం పూర్తిగా చూచిన తరువాతనే ప్రేక్షకుడు రాయ్ ప్రయాణాన్ని తూచడానికి అర్హుడవుతాడు. మూల్యం కనపడని త్యాగం త్యాగమో కాదో తేల్చడం అసాధ్యం.

భారతదేశ దృశ్యం గురించి బౌద్ధ వారసత్వ పరిశోధకులు ఒక అభ్యంతరం నమోదు చేయక తప్పదు. ఆకాశం నుండి విన్న స్వరాలను జనసమూహం ముక్తకంఠంతో పాడే ఆ సన్నివేశం ధర్మశాలలో జరిగినట్లు చిత్రం చెబుతుంది. చిత్రీకరణ జరిగినది బొంబాయికి సమీపాన, ఖాలాపూర్ వద్దనున్న హాల్ గ్రామంలో. ఆ భాగానికి ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్. స్థలం మార్చడం సినిమాకు సహజమే. కాని 1960 నుండి ధర్మశాల దలైలామా నివాసం, ప్రవాస టిబెట్ సమాజానికి కేంద్రం. ఆ పేరు పెట్టుకొన్న దృశ్యంలో ఆ సమాజపు జాడ లేదు. సాధువులతో నిండిన, ఏ ఊరికీ చెందని ఒక భారతదేశం ఉంది. తమ నేలను కోల్పోయి వచ్చినవారికి ఆశ్రయమైన పట్టణాన్ని కేవలం ఒక మార్మిక నామంగా వాడుకోవడం చిన్న దోషం కాదు. ఆ స్వరాలు ఎక్కడివని ప్రశ్నించగా వేలాది చేతులు ఒక్కసారిగా ఆకాశం వైపు లేచే క్షణం మాత్రం చిత్రంలోని మహత్తర క్షణాలలో ఒకటి. దృశ్యం గొప్పది, భూగోళం అసత్యం. రెండింటినీ కలిపే చెప్పాలి.

ఆ స్వరాలను కూర్చినవాడు జాన్ విలియమ్స్. తెలుగు చెవికి అవి రి, గ, స, మంద్రస్థాయి స, మంద్రస్థాయి ప. ఈ స్వరస్థానాలన్నీ మోహనంలోను, హంసధ్వనిలోను ఉన్నవే. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫో ధరించిన శాస్త్రవేత్త లకోంబ్ పాత్ర ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క హస్తసంకేతాన్ని చూపుతుంది. పంతొమ్మిదో శతాబ్దిలో జాన్ కర్వెన్ ఇంగ్లండులో సంగీత బోధనకు రూపొందించగా, హంగరీ స్వరకర్త జోల్తాన్ కొడాయ్ బోధనా పద్ధతిలో ప్రసిద్ధికెక్కిన సంకేతాలివి. చివరలో ఆగంతుకుడు మాటలేవీ లేకుండా అదే హస్తసంకేతాలతో లకోంబ్‌కు బదులిస్తాడు. ముద్రలను అధ్యయనం చేసినవారు ఈ ఘట్టాన్ని తేలికగా దాటిపోలేరు. భాషలు వేరైన దేశాలన్నిటా అభయముద్ర అర్థమైనట్లే, ఇక్కడ భయాన్ని తొలగించేది చేయి. ఆయుధం ఎత్తకుండా సాగే సమాగమాన్ని ఇంత ప్రశాంతంగా ఊహించిన చిత్రాలు అరుదు. దీని శాశ్వత విలువ ఇక్కడే ఉంది.

ఇక నిష్క్రమణ. రాయ్ ప్రయాణాన్ని మహాభినిష్క్రమణంతో పోల్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఒక నిమిత్తం కనబడడం, సంసారం మీద మనసు నిలవకపోవడం, రాత్రివేళ ప్రయాణం, వెనుదిరగకపోవడం, ఇవన్నీ పోలికలే. సాంచీ మహాస్తూపపు తూర్పు తోరణం మీద ఆ ఘట్టం ఆరోహకుడు లేని గుర్రంగా, దానిపై పట్టిన గొడుగుగా చెక్కబడి ఉంది. అయితే ఆ శిల్పి అక్కడితో ఆపలేదు. స్వామి లేకుండా తిరుగుముఖం పట్టిన అశ్వాన్ని, ఛందకుని కూడా చెక్కాడు. వెళ్లినవానితో పాటు వెనుకకు రావలసినవారి దుఃఖం కూడా కథలో భాగమని ఆ రాయి చెబుతుంది.

వినయపిటకం ఈ దుఃఖాన్ని ఇంకా స్పష్టంగా గుర్తించింది. రాహులునికి ప్రవ్రజ్య ఇచ్చిన తరువాత శుద్ధోదనుడు వచ్చి, సంతానం పోతే కలిగే వేదన చర్మాన్ని, మాంసాన్ని, ఎముకను చీల్చుకొని పోతుందని మొరపెట్టుకొన్నాడు. తల్లిదండ్రుల అనుమతి లేనిదే ప్రవ్రజ్య ఇవ్వరాదన్న నియమం ఆ మొర ఫలితమే. ఉపసంపద వేళ భిక్షువును ఋణవిముక్తుడవా, రాజసేవకుడవు కావు కదా, తల్లిదండ్రులు అనుమతించారా అని అడుగుతారు. భార్య అనుమతి ఆ ప్రశ్నలలో లేదు. భిక్షుణిని మాత్రం భర్త అనుమతి గురించి కూడా అడుగుతారు. ఈ అసమానతను దాచి రాయ్‌ను ఒక్కడినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. ప్రాచీన సంప్రదాయమూ పూర్తి సమాధానం చెప్పని చోటనే ఈ చిత్రమూ తడబడింది.

అయినా భేదం ఉంది. సిద్ధార్థుడు తాను పొందినదానితో కపిలవస్తుకు తిరిగి వచ్చాడు. యశోధర, రాహులుడు ఆ ధర్మంలో భాగస్వాములయ్యారు. నిష్క్రమణకు అర్థం ఆ పునరాగమనంలో తేలింది. రాయ్ తెచ్చేదేమిటో, ఎవరికి తెచ్చేదో చిత్రం అడగదు. విచిత్రమేమంటే, తిరిగి రావడంలోని మాధుర్యం ఈ చిత్రానికి బాగా తెలుసు. ఏళ్ల కిందట అదృశ్యమైన విమాన చోదకులు వయసు మీరకుండా నౌక నుండి దిగివస్తారు. బారీ అనే పసివాడు తల్లి జిలియన్ ఒడికి చేరుతాడు. జిలియన్ కూడా రాయ్‌లాగే ఆ కాంతిని చూసినదే, ఆ కొండను మనసులో మోసినదే. బిడ్డ దొరకగానే ఆమె నేల మీదనే నిలుస్తుంది. చిత్రంలో అసలైన ప్రతిపక్ష వాదం ఆమెది. అది మాటలు లేని వాదం కనుక దానిని గమనించేవారు తక్కువ. తాను తండ్రినయ్యాక రాసి ఉంటే ఆ మనిషిని ఇల్లు విడువనిచ్చేవాణ్ణి కానని దర్శకుడు తరువాతి కాలంలో అంగీకరించాడు. మూడు పాఠాలలో ఏ ఒక్కదానిలోనూ ఆ ముగింపు మారలేదు. మార్చకపోవడమే మేలు. ఇరవైలు దాటి ముప్పైలో అడుగుపెట్టిన యువకుని తొందరపాటుకు అది నిజమైన సాక్ష్యం.

సాక్చి చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి పనికోసం వచ్చినవి. అక్కడ ఇల్లు విడవడమంటే ఇంటిని నిలబెట్టడానికి విడవడం. వెళ్లినవాడు జీతంలో కొంత పంపుతాడు, పండుగకు వస్తాడు, చివరకు భార్యాబిడ్డలను తన వద్దకు తెచ్చుకొంటాడు. బిస్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వంటి సంస్థలు అలా తరలివచ్చిన సంసారాలు ఊన్చుకొన్న స్తంభాలు. ఆ అనుభవం గల ప్రేక్షకుడు చివరి దృశ్యంలో నౌక పైకి లేస్తున్నప్పుడు పైకి చూస్తూనే రానీ ఎక్కడుందో, ఆ ముగ్గురు పిల్లలకు ఈ వార్త ఎవరు చెబుతారో అని ఆలోచిస్తాడు. చిత్రం చేయని ఆ ఆలోచన చేయడమే దానిని సరిగా చూడడం. మూడు పాఠాలను కలిగిన పేటిక దొరికితే మూడోదానిని ముందుగా చూడవలసినది. మొదటిదానిని గౌరవంతో రెండోసారి. 1980 నాటిదానిని, చూపకూడనిదానిని చూపితే ఏమవుతుందో తెలుసుకొనేందుకు చివరగా.